బంతిలో వలపక్షం

వజ్రమ్మ ఒకచోట కుదురుగా కూర్చోవడం సూరత్ లింబాయత్‌లో ఎవరూ చూసి ఉండరు. చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరించే పని ఆమెది. కార్ఖానా నుంచి మూటలు ఇంటికే వస్తాయి. గడపలో కూర్చుని కత్తెర ఆడిస్తే చాలు. గల్లీలో మిగతా ఆడవాళ్లు పొద్దున కూర్చుంటే మళ్లీ అన్నానికే లేస్తారు. వజ్రమ్మ మాత్రం నాలుగు చీరలు కాగానే లేచి గల్లీ చివరిదాకా వెళ్లి వస్తుంది. అక్కడ పనేమీ ఉండదు. ఓ ఆటోల అడ్డా, ఓ పాన్ డబ్బా, అంతే. “నీ కాళ్లల్ల చక్రాలున్నయా ఏంది?” అని మొగుడు లక్ష్మీరాజం విసుక్కుంటాడు. అతను సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే మనిషి. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడి వచ్చినవాడికి ఇంట్లో మరో సాంచె తిరుగుతున్నట్టుంటే చిరాకు పుట్టదా మరి.

పెళ్లయి సూరత్ వచ్చిన కొత్తలో ఆమె ఇలా ఉండేది కాదు. తమ్ముడు పోయిన తర్వాత పట్టుకుంది ఈ తిరుగుడు.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. దానికి కూలి లేదు. కామెర్ల మందు పోస్తుంది. జగిత్యాల దగ్గరి పల్లెలో తల్లి ఎల్లవ్వ పోసేది, ఆమె చేతి నుంచి ఈమెకు వచ్చింది. నేల ఉసిరి మొక్కను వేరుతో సహా నూరి, పసరు పిండి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించాలి. పైసా ముట్టకూడదు. తాగినవాళ్లు పోయొస్తామని చెప్పకూడదు, చెబితే రోగం కూడా వెనక్కి వస్తుందట. వానలు పడగానే వజ్రమ్మ బార్డోలీ బస్సెక్కి వెళ్లి, చెరకు తోటల గట్ల మీద మొలిచిన మొక్కలు సంచినిండా పీక్కొస్తుంది. మొక్క పేరు దాచేదేమీ లేదు, అందరికీ తెలిసిందే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు. రైలు పట్టాల పక్కన, తమ గుమ్మం ముందే అదే మొక్క మొలిచినా, జనం దాన్ని తొక్కుకుంటూ వజ్రమ్మ గడపకే వస్తారు. మందులో ఏముంది, అంతా వజ్రక్క హస్తవాసి అంటారు.

ఆమె చేతి మందు తాగి లేచినవాళ్ల పేర్లు గల్లీ అంతా చెబుతుంది. లేవనివాడి పేరు ఎవరూ ఎత్తరు. వాడు రఘుపతి, ఆమె సొంత తమ్ముడు. అక్క మాట మీద ఊరు వదిలి, పెళ్లాం మంగను వెంటబెట్టుకుని, సాంచెల మీద పని నేర్చుకోవడానికి వచ్చినవాడు. పక్క గదిలోనే ఉండేవాళ్లు. ఒక వానాకాలం వాడి కళ్లు పచ్చబడ్డాయి. వజ్రమ్మ వేళ తప్పకుండా మందు పోసింది. వాడు ముక్కు మూసుకుని, కళ్లు గట్టిగా చిట్లించి, చిన్నపిల్లాడిలా గటగటా తాగేవాడు. తాగుతూ తాగుతూనే పోయాడు.

“ఆయుష్షు మూడింది, మందేం జేస్తది?” అన్నారందరూ. మంగ ఏమీ అనలేదు. కర్మకాండలన్నీ అయ్యాక ఊరికి వెళ్లిపోయి బీడీలు చేసుకుంటోంది. అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుతుంది, వదినె అనే పిలుస్తుంది. ఒక్కనాడూ తప్పు మాట అనలేదు. అనకపోవడమే వజ్రమ్మకు ముల్లయింది. ఆకు మంచిదైతే రఘుపతి రాత అంతే అనుకోవచ్చు. ఆకు ఒట్టిదైతే? ఆ రెండో ప్రశ్న రాగానే కత్తెర కింద పడేసి లేస్తుంది, గల్లీ చివరిదాకా వెళ్లి వస్తుంది. ఇదీ ఆమె తిరుగుడు కథ.

ఇలా ఉండగా రెండిళ్ల అవతలి లింగమూర్తి కూతురు నీరజ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఫార్మసీ చదివి, ఆల్థాన్ వైపు ఏదో కాలేజీలో పరిశోధన చేస్తోంది. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారి గుజరాతీలో తేలుతుంది. కూర్చోగానే అసలు సంగతి చెప్పింది.

“పెద్దమ్మా, నీ ఆకు ఎలుకల మీద పెట్టి చూసినం. బరాబర్ పనిజేసింది. లివర్ ఖరాబైన ఎలుకలు జల్ది బాగైనయి.”

“ఎలుకలకు సుత కామెర్లు అయితయా?”

“కావు. మేమే చేస్తం.”

“పాపం గదనే,” అంది వజ్రమ్మ. ఎలుక కనిపిస్తే చీపురు పట్టుకుని గల్లీ దాకా తరిమే మనిషి ఆమెనే.

నీరజ నవ్వి, తర్వాతి మెట్టు చెప్పింది. ఇప్పుడు మనుషుల మీద చూడాలి. కాలేజీ కమిటీ ఒప్పుకుంది. కామెర్లు ముదరనివాళ్లనే తీసుకుంటారు. డాక్టరు వారం వారం చూస్తాడు, రక్తపరీక్ష చేస్తారు, కాస్త తేడా కనిపించినా దవాఖానకు పంపిస్తారు. అయితే జనం కాలేజీ వాళ్ల చేతి సీసా ముట్టరు. వజ్రక్క పోస్తేనే తాగుతారు. అందుకని పెద్దమ్మ పోయాలి.

“పోస్త, దాన్దేముంది,” అంది వజ్రమ్మ.

“ఆగు పెద్దమ్మా, పూరా విను. సగం మందికి ఆకు రసం. సగం మందికి అచ్చం గట్లనే పచ్చగ, చేదుగ ఉండే నీళ్లు. దాంట్ల ఆకుండదు.”

“మరేముంటది?”

“ఏముండదు. ఏ సీసల ఏముందో నీకు తెల్వది, నాకూ తెల్వది. పైన నంబరు ఒక్కటే ఉంటది. అసలు లెక్క మా సార్ దగ్గర బంద్ చేసి ఉంటది.”

“నాకు తెలుస్తే ఏమైతదే?”

“తెలుస్తే చెయ్యి మారుతది పెద్దమ్మా. మందున్నోనికి నవ్వుకుంట పోస్తవు. లేనోనికి మొహం చిన్నగ జేసుకొని పోస్తవు. తాగేటోళ్లకు అర్థమైపోతది.”

ఆ పిల్ల తనను బాగానే చదివిందని వజ్రమ్మకు లోలోపల ఒప్పుకోక తప్పలేదు. కానీ మనసు ఒప్పలేదు. “గిది బంతిల వలపచ్చం గదనే నీరజా,” అంది.

బంతి అంటే పెళ్లిలోనో పండుగలోనో వరసగా కూర్చుని తినే వరస. ఒక ఆకులో నెయ్యి వేసి పక్క ఆకును దాటిపోతే, దాన్ని మించిన పాపం లేదని పెరిగిన మనిషి వజ్రమ్మ. చిన్నప్పుడు ఎవరిదో పెళ్లిలో లడ్డూలు వడ్డిస్తూ తమ్ముడి ఆకులో రెండు వేసింది. ఎల్లవ్వ చూసి అందరి ముందూ వీపు మోగించింది. వడ్డించే చేతికి చుట్టరికం ఉండొద్దు అంది. ఇప్పుడు ఈ చదువుకున్న పిల్ల, సగం ఆకుల్లో అన్నం, సగం ఆకుల్లో గాలి వడ్డించమంటోంది.

“ఎవరికన్న ఇయ్యకుంటెనే గద పెద్దమ్మా, ఇచ్చినందుకు ఏమైందో తెలిసేది,” అంది నీరజ. “నువ్వు ఇన్నేండ్ల సంది అందరికీ పోస్తున్నవు. బాగైనోళ్లు ఆకుతోని బాగైన్రా, వాళ్లంతల వాళ్లే బాగైన్రా? కామెర్లు చానమందికి ఊకెనే తగ్గుతయి. నీకు తెల్సా?”

వజ్రమ్మకు తెలియదు. ఆ ప్రశ్న ఇంత సూటిగా ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

“గిదంత అయినంక ఆకు పనిజేస్తదో లేదో తేలిపోతదా?”

“తేలిపోతది.”

“అయితే పోస్త,” అంది. నీరజకు తన చదువు కావాలి. వజ్రమ్మకు రఘుపతి సంగతి కావాలి. లక్ష్మీరాజం మాత్రం నీరజ వెళ్లిపోయాక ఒక మాటన్నాడు. “ఒప్పుకున్నవ్ మంచిదే. నడిమిట్ల నీ బుద్ధి జొర్రియ్యకు. గా పిల్ల కష్టం మన్నుల పోతది.” మొగుడి నోటి నుంచి మంచి మాట వచ్చినా వజ్రమ్మకు సాధింపులాగే వినిపిస్తుంది. విననట్టే ఊరుకుంది.

సమాజం వాళ్ల వాడి, అంటే పెళ్లిళ్లు చేసే హాలు, పొద్దున పూట ఖాళీగానే ఉంటుంది. సాంచెల షిఫ్టు మారే వేళకు అక్కడ చాప పరిచేవారు. రోగులు గోడవారగా వరసలో కూర్చునేవారు. నీరజ సీసాల పెట్టె తెచ్చేది. వజ్రమ్మ ఇంటి నుంచి మజ్జిగ కుండ మోసుకొచ్చేది. ఎవరి నంబరు సీసాలోంచి వాళ్ల గ్లాసులోకి కొలత ప్రకారం పోసి, పైన మజ్జిగ పోసి ఇవ్వాలి. అంతే పని. అంత చిన్న పనిలో ఆమె ప్రాణం ఎంత కొట్టుకుందో చెబితే ఎవరూ నమ్మరు.

నీరజ అటు తిరిగితే చాలు సీసా మూత దగ్గర ముక్కు పెట్టేది. అన్నీ ఒకటే వాసన. వెలుతురుకు ఎత్తి చూసేది. అన్నీ ఒకటే పచ్చన. ఆ కాలేజీ వాళ్లు మహా గట్టివాళ్లు. ఇక కళ్లు చూడడం మొదలుపెట్టింది. ఫలానావాడి కన్ను తెల్లబడుతోంది, వాడిది ఆకే. ఫలానావాడిది ఇంకా పసుపుగానే ఉంది, పాపం వాడికి ఒట్టిదే. ఇంటికి వెళ్లి కత్తెర పట్టుకుంటే చీర కనిపించేది కాదు, కళ్లే కనిపించేవి. ఒకరోజు దారంతోపాటు చీర అంచు కూడా కత్తిరించి కార్ఖానావాడి చేత మాట పడింది.

వరసలో మొదట కూర్చునేవాడు పరుశురాం. వయసు మళ్లినవాడు, నోరు మాత్రం మళ్లలేదు. చివర కూర్చునేది సంపత్. కోరుట్ల వైపు కుర్రాడు, ఎనిమిది మంది కలిసి ఉండే గదిలో పడుకుంటాడు, తనవాళ్లంటూ ఇక్కడెవరూ లేరు. మొదటిరోజు ఆలస్యంగా వచ్చి చివర కూర్చుంటూ, “వడ్డించేది మనోళ్లైతే కడబంతిల కూసున్నా ఫికరు లేదు గదా అక్కా,” అన్నాడు. అందరూ నవ్వారు. గ్లాసు ఇవ్వగానే వాడు ముక్కు మూసుకుని, కళ్లు చిట్లించి, గటగటా తాగాడు. వజ్రమ్మ గరిటె కుండలోనే వదిలేసి వాడి వైపు చూసింది. ముఖంలో రఘుపతి పోలికే లేదు. తాగడమొక్కటే అచ్చం వాడే.

ఆ రోజు నుంచి మిగతా కళ్లన్నీ వెనక్కి పోయాయి. సంపత్ కళ్లు ఒక్కటే మిగిలాయి. అవి తెల్లబడకపోగా రోజురోజుకూ ముదిరాయి. పసుపు ముద్ద పెట్టినట్టయ్యాయి. మూత్రం ఎర్రగా వస్తోందని, ఒళ్లంతా నొప్పులని అన్నాడు. పరుశురాం మాత్రం నిక్షేపంగా తేరుకుని, కూతురింటికి పోవాలని తొందరపడుతున్నాడు. వజ్రమ్మకు ఇక అనుమానం లేదు. సంపత్‌కు పోతున్నది గాలి.

ఇంట్లో ముద్ద మింగుడు పడలేదు. కాలుగాలిన పిల్లిలా గదికీ గల్లీకీ తిరిగింది. చివరికి షేరింగ్ ఆటోలు మారి ఆల్థాన్‌లోని కాలేజీకే వెళ్లింది. తెల్లకోటు వేసుకుని గాజు గదిలో నిలబడ్డ నీరజను బయటికి పిలిచింది.

“గా ఒక్క పిలగాని లెక్క ఇప్పి చూడు బిడ్డా. ఇంకెవరిదీ అడగ.”

“నా దగ్గర లేదు పెద్దమ్మా, నిజంగ. సార్ గూడ ఇప్పుడే తియ్యడు. ఒక్కటి తీస్తే మొత్తం ఖతం.”

“వాడు ఖతమైతే?”

నీరజ ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది. కామెర్లు తగ్గేముందు కొందరికి ఇలాగే ముదురుతాయని, తను ఇప్పుడే డాక్టరుకు ఫోను చేస్తానని, రేపు పొద్దున్నే చూస్తాడని చెప్పింది. అక్కడే కళ్లముందు ఫోను చేసింది కూడా. వజ్రమ్మ నీళ్లు తాగలేదు. ఎన్నడూ ఎవరికీ చెప్పనిది ఆ మెట్ల మీద చెప్పింది.

“మా తమ్మునికి గిట్లనే ముదిరినయి నీరజా. మంగ నా తానికి వచ్చి, దవాఖానకు పోదామా వదినె అన్నది. ఆకు పడ్డది గదనే, జర ఆగు అన్న. ఆగింది. మల్ల అడగలే.”

నీరజ ఆమె చేయి పట్టుకుని పక్కనే కూర్చుంది. “ఇది పూర్తి కానీ పెద్దమ్మా,” అంది చివరికి, “నీకు జవాబు దొరుకుతది.”

డాక్టరు మాట తప్పలేదు. సంపత్‌ను రెండు రోజులు వార్డులో ఉంచాడు. ఇంకేం మింగుతున్నావని అడిగి, జేబులోంచి ఒళ్లునొప్పుల గోళీల పట్టీలు బయటికి తీయించాడు. షిఫ్టు నిలబడలేక మందుల దుకాణంలో కొనుక్కుని వేళకు రెండేసి మింగుతున్నాడట. ఆ గోళీలే లివర్ మీద దెబ్బ మీద దెబ్బ అని కోప్పడి, వాటిని చెత్తబుట్టలో వేయించి, సెలైన్ ఎక్కించి పంపాడు. ఇదంతా సంపతే వచ్చి చెప్పాడు. వజ్రమ్మ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. ఆమె చూస్తున్నది వాడి కళ్లను. ఇంకా పచ్చగానే ఉన్నాయి. రేపటి నుంచి మళ్లీ చాప చివర కూర్చుని ఆ గాలి సీసానే తాగబోతున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఆమె నేల ఉసిరి నూరింది. పసరు చిన్న చెంబులోకి పిండి, కొంగు చాటున పెట్టుకుని హాలుకు వెళ్లింది. సంపత్ ఒక్కడి గ్లాసులోనే పోయాలని అనుకుంది. నీరజ కాగితాలు చూసుకుంటోంది. పరుశురాం గ్లాసు చాపాడు. ఆమె సీసా మందు పోసి, మజ్జిగ పోసి ఇచ్చింది. రెండో మనిషికి ఇచ్చింది. మూడో ఆమె దగ్గర చెయ్యి ఆగింది. ఆమె బిడ్డ తల్లి, ఒళ్లో పిల్లను పెట్టుకుని కూర్చుంది. ఈమెకూ గాలేనేమో. పక్కవాడికీ గాలేనేమో. చెంబు కొంగులో పెట్టుకుని వాళ్లందరినీ దాటుకుంటూ చివరివాడి దగ్గరికి పోవడమంటే, అది ఏ పెళ్లి పందిట్లోనూ చేయని పని. నీరజ చేయమన్న వలపక్షం కాలేజీది. ఇది తనది అవుతుంది.

“నోరు చేదని అందరు ఒర్రుతున్నరు, మజ్జిగల కొత్తిమీర రసం తెచ్చిన,” అని చెంబు మొత్తం కుండలోకి ఒంపి, గరిటెతో కలిపింది. అప్పటికే తాగేసిన ఇద్దరినీ పిలిచి మళ్లీ చెరో గుక్క పోసింది. నీరజ తలెత్తి చూసి నవ్వింది, మళ్లీ కాగితాల్లో పడింది. ఆ పిల్లకు పెద్దమ్మ మీద అంత నమ్మకం.

ఆ మందు పోసే రోజులు ముగిసేదాకా ప్రతి పొద్దూ కుండలో పసరు కలుస్తూనే ఉంది. సంపత్ కళ్లు తేటపడ్డాయి. ఆకలి పుట్టింది. ఒకరోజు గ్లాసు ఖాళీ చేసి, “గోలిచ్చిన కోడిగుడ్డు యాదికొస్తున్నదక్కా,” అన్నాడు. వజ్రమ్మకు ఏళ్ల తర్వాత కడుపునిండా అన్నం తినబుద్ధయింది. పత్యం పూర్తయ్యేదాకా నూనెలో వేయించినవి ముట్టొద్దని వాణ్ని తిట్టింది. వరసలో ఒక్కరూ పోలేదు, ఒక్కరికీ ముదరలేదు. ఆకు గెలిచిందని ఆమె లోపల పండుగ చేసుకుంది. పరీక్ష అనేది గెలవడానికి కాదు, తెలుసుకోవడానికి అని ఆమెకు అప్పుడు తోచలేదు. లెక్క తెరిచే రోజు ఒకటి వస్తుందన్న సంగతే మరిచిపోయింది.

ఆ రోజు వచ్చింది. నీరజ మధ్యాహ్నం పూట గడపలోకి వచ్చి, చీరల మూట పక్కన కూలబడింది. ముఖం వాడిపోయి ఉంది.

“లెక్క తీసిన్రు పెద్దమ్మా. తేడా ఏం రాలే. ఆకు తాగినోళ్లు, ఒట్టిది తాగినోళ్లు, అందరు ఒక్కతీరుగనే బాగైన్రు. ఎలుకల మీద పనిజేసింది గని మనుషుల మీద ఏం లేదని రాసుకోవాలె.” “సారీ పెద్దమ్మా,” అంది. “ఆకు మీద నీకు మస్తు నమ్మకముండె.”

వజ్రమ్మ చేతిలోని చీరను మడిచి పక్కన పెట్టింది. ఊరుకుంటే ఆ పిల్ల అబద్ధం రాసుకుంటుంది, ఆకు ఒట్టిదని లోకమంతా అనుకుంటుంది. చెబితే ఆ పిల్ల ఏడాది కష్టం నేలపాలవుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. దాచుకుంటే మాత్రం ఎక్కడ దాక్కుంటుంది?

“అందరికీ ఆకే పోయింది బిడ్డా,” అంది. “సంపత్ వార్డు నుంచి వచ్చినంక, మజ్జిగ కుండల నేనే కలిపిన. కొత్తిమీర గాదది.”

నీరజ అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక లేచి నిలబడింది. ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది.

“క్యోఁ పెద్దమ్మా?” అంది. “నువ్వే అడిగినవ్ గద, తేలిపోతదా అని.”

“బంతిల ఒక్కనికి ఏసి ఒక్కనికి ఎట్ల దాటుదునే. నాతోని గాలే.”

“మొదటి రోజులది పనికొస్తదేమో చూస్త. రాదు. చానా తక్కువైతది.” తనలో తాను లెక్కలు వేసుకుంటోంది నీరజ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తుడుచుకోవడం లేదు. “సార్‌కు చెప్పాలె. మల్ల వానలదాక ఆగి, మల్ల మొదటి సంది చెయ్యాలె. అప్పుడు నువ్వు రావద్దు పెద్దమ్మా. ఏమనుకోకు.”

“రాను,” అంది వజ్రమ్మ. ఆమెకు ఇంకా ఒక ప్రశ్న ఉంది. ఆ పిల్ల దుఃఖం ముందు దాన్ని అడగడానికి సిగ్గేసింది. అడగకుండా ఉండలేకపోయింది. “లెక్క ఇప్పిన్రు గద. సంపత్‌ది ఏ సీస?”

నీరజ ఫోను తీసి, వేలితో పైకీ కిందికీ జరిపింది. ఒకసారి చూసి, నమ్మలేనట్టు మళ్లీ చూసింది.

“ఆకే,” అంది. “మొదటి దినం సంది వానికి ఆకే పోయింది.”

వెళ్లిపోయింది. టీ పెట్టమని కూడా అడగలేదు. ఎప్పుడొచ్చినా అడిగేది.

వజ్రమ్మ కత్తెర చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆకు తాగుతూనే సంపత్ కళ్లు ముదిరాయన్నమాట. ఆకు తాగుతూనే రఘుపతి కళ్లూ ముదిరాయి. ఇద్దరికీ ఆకు ఒకటే. ఇద్దరికీ పోసిన చెయ్యి ఒకటే. మరి ఒకడు గుడ్డు తింటాననే దాకా వచ్చాడు, ఒకడు పోయాడు. తేడా ఏమిటి? ఒక చెవితో విని వదిలేసిన మాటలన్నీ అప్పుడు తిరిగొచ్చాయి. ఇంకేం మింగుతున్నావని డాక్టరు అడిగాడు. పట్టీలు తీసి పారేయించాడు. సెలైన్ ఎక్కించాడు. రఘుపతి కూడా జ్వరమని, నొప్పులని కిరాణా కొట్టు గోళీలు మింగేవాడు. వాడు పోయాక పరుపు దులుపుతుంటే ఖాళీ పట్టీలు రాలాయి. తనే ఏరి పారేసింది. వాణ్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు. అడిగేవాడి దగ్గరికి తనే పోనివ్వలేదు.

గోళీలే చంపాయో, రోగమే చంపిందో, దవాఖానకు వెళ్లినా పోయేవాడేనో, అది ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆకు పనిచేస్తుందో లేదో నీరజ వచ్చే ఏడు తేల్చవచ్చు, తేల్చకపోవచ్చు. కానీ ఇన్నేళ్లూ తను ఆకును బోనులో నిలబెట్టి అడుగుతున్న ప్రశ్న ఆకుది కాదు. ఆకు ఎవరినీ ఆగమనలేదు. దుఃఖం పొంగుకొచ్చింది. గట్టిగా, గల్లీలో వాళ్లు వింటారని కూడా చూడకుండా ఏడ్చింది. లక్ష్మీరాజం షిఫ్టు నుంచి వచ్చి, ఏమైందని అడిగి, జవాబు రాకపోతే తనే పొయ్యి వెలిగించి టీ పెట్టాడు.

టీ చల్లారిపోయాక ఆమె ఫోను తీసి మంగకు కలిపింది. అవతల బీడీల చాటలో ఆకులు గలగలమంటున్నాయి.

“ఏంది వదినె, గీ యాళ్లకు చేసినవ్?” అంది మంగ.

“మంగా, నీకొక మాట చెప్పాలె. దవాఖానకు పోదామని నువ్వంటివి. నేనే ఆగుమన్న. ఆకు మంచిదో చెడ్డదో నాకు ఎర్కలే. ఆగుమన్నది మాత్రం నేను. నా తమ్ముడు నా మాటకే పోయిండు.”

గలగల ఆగిపోయింది. ఫోను కట్టయిందేమోనని వజ్రమ్మ చెవి నుంచి తీసి చూసుకుంది. కట్ కాలేదు.

“నేను ఒక్కసారే అన్న వదినె,” అంది మంగ. “రెండోసారి అంటే నువ్వు తీస్కపోదువు. నీ సంగతి నాకు ఎర్కనే. నేనే అనలే.”